ముందు గొళ్లెం సంగతి చెప్పండి

ఇంటర్ మొదటి ఏడాది చదివే మీ అబ్బాయి సెలవుల్లో ట్రాక్టర్ నేర్చుకుంటానంటున్నాడు, ఈ వయసులో నేర్పొచ్చా అని అడిగారు. వయసు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రోడ్డెక్కాలంటే 18 నిండి లైసెన్సు ఉండాలి. పొలానికి వెళ్లే పంచాయతీ రోడ్డయినా రోడ్డే. 2019లో చట్టం మార్చాక, మైనరు నడిపితే తండ్రికో బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. మా పల్లెలో అడిగేవాడెవడు అంటారా? సరే, అడిగేవాళ్ల మాట వదిలేయండి. బ్రేకు గొళ్లెం గురించి మీ వాడికి చెప్పారా?

ట్రాక్టరుకి కుడికాలి దగ్గర రెండు బ్రేకు పెడళ్లుంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, రెండోది కుడి వెనక చక్రానికి. చేను చివర గిరుక్కున తిప్పాలంటే ఒక్కటే తొక్కుతాం. రోడ్డెక్కే ముందు మాత్రం రెండింటినీ కలిపి గొళ్లెం వేయాలి. ఇది నాకు పదహారేళ్లప్పుడు ఎవరూ చెప్పలేదు.

మాది కృష్ణా డెల్టా. కాలవగట్టు మీదే రోడ్డు. ఆ రోజు మా బాబాయి పొద్దున్నించీ గొర్రు తోలి, ఇంటికొచ్చేటప్పుడు "రారా, నువ్వు పట్టు" అని సీటు నాకిచ్చి తను ఎడమ మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. నా ఆనందానికి హద్దుల్లేవు. చూసేవాళ్లుంటారని టాప్ గేరు వేశాను. వంతెన దాటగానే ఒక గేదె అడ్డం వచ్చింది. తొక్కాను. కాలు కుడి పెడలు మీద ఒక్కదాని మీదే పడింది. బండి ఆగలేదు, కాలవ వైపు గిర్రున తిరిగింది. "క్లచ్చి తొక్కరా!" అన్న కేక వినపడింది, తర్వాత బాబాయి కనపడలేదు. ముందు చక్రం గట్టు దిగి ఒక తుమ్మ మొద్దుకి తన్ని ఆగింది. కింద నిండుగా నీళ్లు. స్టీరింగు వదలమన్నా నా వేళ్లు వదల్లేదు. బాబాయి రోడ్డు మీద ఎడమ భుజం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మా నాన్నతో మాత్రం గట్టు మీద కాలు జారి పడ్డానని చెప్పాడు.

మడ్‌గార్డు మీద కూర్చుని నేర్పడం మన గొప్ప అలవాటు. పడితే పెద్ద చక్రం కిందకే. నేర్పేవాళ్లు నేల మీద నిలబడి కేకేయండి. "మా వాడు పదేళ్లకే ట్రాక్టరు తోలతాడు" అని పెళ్లిళ్లలో చెప్పుకునే తండ్రులుంటారు, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు రీల్స్ పిచ్చి ఒకటి. ముందు చక్రాలు గాల్లోకి లేపి, సౌండు బాక్సు పెట్టి వీడియో! వరి మడి దమ్ములో చక్రం దిగబడ్డప్పుడు యాక్సిలరేటరు గట్టిగా ఇస్తే అదే ముందుభాగం లేచి మనిషి మీదకి బోర్లా పడుతుంది. ఆ వీడియో ఎవరూ తియ్యరు.

ఇంకొకటి, లుంగీ కట్టుకుని, మట్టిని గుల్లచేసే రోటవేటరు దగ్గరికి పోనివ్వకండి. ట్రాక్టరు వెనక తిరుగుతూ ఇంజను బలాన్ని పనిముట్టుకి అందించే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి 9. గుడ్డ కొస చిక్కాక లాక్కునే టైము ఉండదు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు విరిగితే కొత్తది వేయించే రైతుని మా ఊళ్లో నేను చూడలేదు. ఐదు లీటర్ల ఇంజనాయిల్ కొంటారు గానీ తొడుగు కొనరు.

అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ట్రాక్టరు, పనిముట్లు నడపడం నేర్పుతుంది. పద్దెనిమిది నిండాక వీలైతే పంపండి. ఈ సెలవులకి మాత్రం ఇంజను ఆపే ఉంచి, పెడళ్లు చూపించండి. గొళ్లెం వాడి చేత్తోనే పెట్టించి, తీయించండి. అది చూడకుండా తాళం అడిగితే ఇవ్వొద్దు.

మా బాబాయి ఇప్పటికీ చొక్కా తొడుక్కునేటప్పుడు ఎడమ చెయ్యే ముందు దూరుస్తాడు.