హెల్మెట్‌లో మాట వినపడట్లేదా?

ప్రశ్న: బుల్లెట్ మీద నేనూ మా ఆవిడా అరకు వెళ్తుంటాం. ఇద్దరి హెల్మెట్లకూ బ్లూటూత్ ఇంటర్‌కామ్ పెట్టించాను. స్పీడు యాభై దాటితే ఆమె మాట గాలిలో కలిసిపోతోంది. బండికే పెద్ద స్పీకర్లు పెట్టించమంటారా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: వద్దండీ. హ్యాండిల్‌కి కట్టిన స్పీకర్ సిగ్నల్ దగ్గర ఊరందరికీ వినపడుతుంది, హైవే ఎక్కాక మీకే వినపడదు.

తేడా ఇంటర్‌కామ్‌లో కాదు, అది అతికించిన చోట ఉండి ఉంటుంది. హెల్మెట్ లోపలి ఇంటర్‌కామ్ స్పీకర్ చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. వేలెడు పక్కకు జరిగినా సౌండ్ బాగా తగ్గిపోతుంది. హెల్మెట్ పెట్టుకుని, కింద నుంచి వేలు దూర్చి చెవిని తడమండి. ఆ చోటును లోపలి గుడ్డ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, వెల్‌క్రో అక్కడ అంటించండి. నేను మొదటిసారి కంటికి తోచినట్టు అంటించి, చెవి తమ్మె కందిపోయాక మార్చుకున్నా! మీ ఆవిడ మైకు నోటికి దాదాపు ఆనాలి, దాని స్పాంజి తొడుగు తీయకూడదు. హెల్మెట్‌కి మాత్రం ఎక్కడా రంధ్రం వేయించకండి.

ఇంకోటి. దారిలో ఛార్జింగ్‌కి బండికి యూఎస్‌బీ సాకెట్ పెట్టిస్తే, తాళంచెవి తీయగానే కరెంటు ఆగే లైను నుంచే, ఫ్యూజు వేసి ఇవ్వమనండి. నాకు ఒకాయన నేరుగా బ్యాటరీకి కలిపేశాడు. వారం ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయి సెల్ఫు మూగబోయింది, కిక్కు కొట్టీ కొట్టీ చెమటలు పట్టాయి.