కుప్ప నీడలో కూర్చోవద్దు

ఒరేయ్ అల్లుడూ,

మంగంపేటలో ముగ్గురాయి (బెరైటీస్) కుప్పలు పోసే స్టాక్ యార్డుకు సూపర్‌వైజర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా తర్వాత మనింట్లో ఇంకొకడు ముగ్గురాయి పనికి పోతున్నాడని గర్వంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టలేదు. హెల్మెట్, బూట్లు, రివర్స్ హారన్ సంగతులు ట్రైనింగులో చెబుతారులే. నేను చెప్పేది కుప్పల సంగతి.

లారీ పోసిన కుప్ప తన వాలు తానే చూసుకుంటుంది, 35-40 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అడుగున లోడర్‌తో తోడితే గోడలా నిలబడుతుంది. తడిసిన పొడి కుప్ప అయితే మరీ మోసం. ఆ తడి పట్టు మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ఎండకు ఆరినా జారుతుంది, ఇంకో వాన పడినా జారుతుంది.

ఇదంతా నాకు అప్పుడూ తెలుసు. ఆ మంగంపేటలోనే ముగ్గురాయి పొడి చేసే ఒక మిల్లులో యార్డు చూసేవాణ్ణి. మే నెలలో గాలివాన వచ్చిపోయింది, మూడో రోజు మాడు పగిలే ఎండ. గేటు దగ్గర పది లారీలు, ఓనరు ఫోన్ మీద ఫోన్. "అన్నా, గోడ నిటారుగా ఉంది, కొంచెం కిందికి దించేదా?" అన్నాడు లోడర్ ఆపరేటర్. రెండు లారీలు పోనీ, తర్వాత చూద్దాం అన్నాను. అంతటితో ఆగానా, ఎండలో నిలబడ్డ క్లీనర్ కుర్రాణ్ణి పిలిచి "అట్లా నీడలో కూర్చోరా" అన్నాను. ఆ నీడ కుప్పదే. పెద్ద శబ్దం కూడా రాలేదురా, బియ్యం బస్తా విప్పినట్టు జారింది. ముగ్గురాయి నీళ్లకంటే నాలుగు రెట్లు బరువు, చేతులతో తీసేకొద్దీ పైనుంచి మళ్లీ దిగుతోంది, లోడర్ పెడదామంటే లోపల మనిషి. బతికాడు, కాలు పోయింది. ఆస్పత్రిలో నన్ను ఒక్క మాట అనలేదు, లారీ ఎవరు చూసుకుంటున్నారని అడిగాడు.

కుప్పను లోడర్ బకెట్ అందే ఎత్తు దాటనివ్వకు. పైన అంచుకు వెనకగా సన్నటి పగులు కనిపిస్తే ఆ పక్క పని ఆపెయ్. కుప్ప మీద లారీని అంచుదాకా వెనక్కి రానివ్వకుండా, అంచుకు ఇవతలే పోయించి డోజర్‌తో తోయించు. లోడింగ్ ఆపావని పైవాళ్లు తిడితే పడు, మా మామిడిచెట్టెక్కి నువ్వు తిన్న తిట్లకంటే ఎక్కువేం ఉండవులే!

చేరిన రోజే కుప్పలకు దూరంగా ఒక రేకుల షెడ్డు, కుండలో నీళ్లు అడుగు. నువ్వు క్యారియర్ విప్పేదీ అక్కడే. వాళ్లు ఇవ్వం అంటే నాకు చెప్పు, రేకులు నేను కొనిస్తా.

మీ మామయ్య