ఆమె పద్దుల పుస్తకం: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఒళ్ళమ్ముకుని బతికే స్త్రీ మీద నువ్వు రాసిన కథ అందింది. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చి మధ్యలోనే పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్ళీ చేతిలోకి తీసుకోవడానికి కారణం నాలుగో పేజీ. తెల్లవారుజామున ఆమె తలుపు గడియ వేసుకుని, ఆ రాత్రి వచ్చిన డబ్బును మంచం మీద మూడు కుప్పలుగా పెడుతుంది. ఇంటి యజమానురాలి వాటా ఒకటి, అప్పు మీద వడ్డీ ఒకటి, కొడుకు కాలేజీ ఫీజు ఒకటి. మూడోది మరీ చిన్నగా కనబడితే వడ్డీ కుప్పలోంచి ఒక నోటు తీసి అందులో వేస్తుంది. కాసేపు చూసి, ఆ నోటు మళ్ళీ వెనక్కి పెట్టేస్తుంది. చాలా బాగా రాశావు. ఇది రాసిన చెయ్యే మిగతా పేజీలు రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పేజీ దాటాక నువ్వు డబ్బు ఊసే ఎత్తలేదు. అయిదో పేజీ నుంచి ఆమె ఏడుస్తూనే ఉంది. అద్దం ముందు ఏడ్చింది, వానలో ఏడ్చింది, దేవుడి పటం ముందు ఏడ్చింది. పోలీసులు వచ్చారు. న్యాయమూర్తి "ఒళ్ళమ్ముకోవడం ఈ దేశంలో నేరం" అని తీర్పు చెప్పి జైలుకు పంపాడు. చివరి పేజీలో ఆమె చనిపోయింది. ఎందుకు చనిపోయిందో కథలో ఎక్కడా లేదు.

ముందు ఆ తీర్పు సంగతి. వయసు వచ్చిన మనిషి తన ఇష్టంతో ఈ పని చేయడం మన చట్టం ప్రకారం నేరం కాదు. 1956లో వచ్చి, 1986 సవరణతో అనైతిక వ్యాపార నిరోధక చట్టంగా పేరు మారిన ఆ చట్టం ఆమె పనిని వదిలేసి, దాని చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ పట్టుకుంది. బహిరంగంగా విటులను పిలవడం నేరం. గుడికి, బడికి, ఆసుపత్రికి 200 మీటర్ల లోపల ఈ పని చేయడం నేరం. వేశ్యాగృహం నడపడం, తెలిసి అందుకు ఇల్లు అద్దెకివ్వడం, మనుషులను ఇందులోకి దించడం నేరం. ఇద్దరు స్త్రీలు ఒకరికొకరు తోడుగా ఒకే గదిలో పనిచేసుకుంటే ఆ గది కూడా వేశ్యాగృహం నిర్వచనంలోకి వస్తుంది. కాబట్టి చట్టానికి భయపడే మనిషి ఒంటరిగా ఉండాలి. తలుపు తీసినప్పుడు వచ్చినవాడు తాగి ఉన్నాడో, కత్తి తెచ్చాడో చూడటానికి పక్క గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. నీ కథలో పోలీసులు బూట్ల చప్పుడు చేస్తూ వచ్చి వెళ్ళారు. ఈ భయం మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. నీ కథలో కొడుకు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. అంటే పద్దెనిమిది దాటాడు. ఈ చట్టంలోని 4వ సెక్షను చూడు. పద్దెనిమిదేళ్ళు దాటినవారెవరైనా, తెలిసి, ఇలాంటి సంపాదన మీద పూర్తిగా గానీ కొంత గానీ బతికితే శిక్షార్హులు. ఆమెతో కలిసి ఉంటున్నాడని రుజువైతే చాలు, వేరే రుజువు చూపేదాకా ఆ సంపాదన మీదే బతుకుతున్నాడని చట్టం భావిస్తుంది. ఇళ్ళు నడిపేవాళ్ళనూ దళారులనూ పట్టడానికి రాసిన సెక్షను అది. ముసలి తల్లికీ చదువుకునే కొడుక్కీ కూడా వర్తిస్తుంది. నీ మూడో కుప్ప ఉంది చూడు, కొడుకు పద్దెనిమిదో పుట్టినరోజు నాటి నుంచి అది అతని మెడకు చుట్టుకునే డబ్బు. ఆ సంగతి ఆమెకు తెలుసా? ఎవరు చెప్పారు? తెలిస్తే ఫీజు ఎవరి పేరు మీద కడుతుంది? కొడుకును వేరే గదిలో పెడుతుందా? కథ అంతా అక్కడ ఉంది నాయనా. నువ్వు దాన్ని దాటేసి వానలోకి వెళ్ళిపోయావు.

జైలు కూడా తప్పే. దాడిలో దొరికిన స్త్రీని రక్షించామని చెప్పి, మేజిస్ట్రేటు ముందు పెట్టి, రక్షణ గృహానికి పంపుతారు. విచారణ చేసి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళకు మించకుండా అక్కడ ఉంచమని ఆదేశించే అధికారం 17వ సెక్షను ఇస్తుంది. అదే ఆమె బహిరంగంగా విటుణ్ణి పిలిచినట్టు మొదటిసారి రుజువైతే పడే జైలు ఆరు నెలలకు మించదు. రక్షణ పేరుతో లోపల గడిపే కాలం శిక్షకన్నా పొడవుగా ఉండవచ్చు. అన్నాళ్ళూ అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఒక్క అధ్యాయంలో దీన్ని చూపించి ఉంటే ఎవరి చేతా ఒక్క ఉపన్యాసం చెప్పించనక్కరలేదు.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు సంపాదించి చదువు. పోలీసులు ఈ స్త్రీలతో గౌరవంగా మెలగాలని, పత్రికలు వాళ్ళ గుర్తింపు బయటపెట్టకూడదని, కండోములు దగ్గర ఉండటాన్ని నేరానికి సాక్ష్యంగా చూపకూడదని అందులో ఉంది. నివాస ధ్రువపత్రం లేకపోయినా ఆధార్ ఇవ్వాలని కూడా ఉంది. న్యాయస్థానం నియమించిన సంఘం చేసిన సిఫార్సుల్లో కొన్నింటి మీద కేంద్ర ప్రభుత్వం అభ్యంతరాలు తెలిపింది కూడా. ఆ ఆదేశాలు చదివితే ఒక మనిషికి చిరునామా కాగితం లేకపోవడమంటే ఏమిటో తెలుస్తుంది. బ్యాంకు ఖాతా ఉండదు. ఖాతా లేకపోతే డబ్బు ఇంటి యజమానురాలి దగ్గరో వడ్డీ వ్యాపారి దగ్గరో ఉంటుంది. వాళ్ళ దగ్గర డబ్బు ఉన్నంతకాలం ఆమె కదలదు. కోల్‌కతా సోనాగాచీలో ఈ వృత్తిలోని స్త్రీలు 1995లో ఉష పేరుతో సొంత సహకార సంఘం పెట్టుకున్నది ఇందుకే. సభ్యులు సత్ప్రవర్తన గలవారై ఉండాలన్న నిబంధన అప్పట్లో వాళ్ళకు అడ్డొచ్చింది. గృహిణులమని రాసి గట్టెక్కడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. పోరాడి ఆ అడ్డు తొలగించుకున్నారు.

వేరే దేశాల చట్టాలు ఎలా ఉన్నాయని అడిగావు. స్వీడన్ 1999 నుంచి కొనేవాణ్ణి శిక్షిస్తోంది, అమ్మే మనిషిని వదిలేస్తోంది. ఫ్రాన్స్ 2016లో ఆ దారి పట్టింది. న్యూజిలాండ్ 2003లో ఈ పనిని నేరాల జాబితాలోంచి తీసేసింది. పార్లమెంటులో 60 మంది అవునన్నారు, 59 మంది కాదన్నారు. అయినా తాత్కాలిక వీసా మీద వచ్చిన విదేశీయులకు అక్కడా ఆ రక్షణ లేదు. జర్మనీ 2002లో ఒప్పందాలకు చట్టబద్ధత ఇచ్చి, 2017 నుంచి నమోదు తప్పనిసరి చేసింది. బెల్జియం 2024 చివర్లో ఇంకో అడుగు వేసి, ఉద్యోగ ఒప్పందంతో పనిచేసేవారికి ప్రసూతి సెలవు, పింఛను, విటుణ్ణి కాదనే హక్కు ఇచ్చింది. కొనేవాణ్ణి శిక్షిస్తే పని ఆగుతుందనేవాళ్ళు ఉన్నారు. పని చీకట్లోకి జరుగుతుందని, భయపడే విటుడు బేరం త్వరగా ముగించమంటాడని, ఎదుటివాణ్ణి అంచనా వేసుకునే ఆ రెండు నిమిషాలు కూడా ఆమెకు మిగలవని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను రెండో పక్షం. కథ రాసేవాడివి కనుక నువ్వు ఆ రెండు నిమిషాల దగ్గర నిలబడు.

ఇక నా అసలు మాట. నీ ఉత్తరంలో "ఆమె ఇష్టపడి చేసిందా, గతిలేక చేసిందా, ఎలా తేల్చాలి?" అని అడిగావు. ఆ ప్రశ్న మనం ఆమెనే ఎందుకు అడుగుతున్నాం? నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన రోజుల్లో అర్ధరాత్రి దాకా గుడ్డి దీపం కింద కూర్చునేదాన్ని. కళ్ళు పోయాయి, నడుము పోయింది. ఇంటి అద్దె కట్టాలి కాబట్టి చేశాను. వేరే ఉద్యోగం దొరికి ఉంటే ఒక్క రోజు కూడా ఉండేదాన్ని కాదు. అలాగని నా కాళ్ళకు ఎవరూ గొలుసు వేయలేదు. అప్పుడు నా ఎదుట ఉన్న పనుల్లో నాకు కాస్త మెరుగనిపించింది అది. ఇష్టంతో చేస్తున్నావా అని నన్ను ఒక్కరూ అడగలేదు. భవనాల మీద ఇటుకలు మోసేవాళ్ళను, గనుల్లో దిగేవాళ్ళను కూడా ఎవరూ అడగరు.

2011లో వెలువడిన ఒక దేశవ్యాప్త సర్వే 14 రాష్ట్రాల్లో 3000 మంది స్త్రీలతో మాట్లాడింది. వాళ్ళలో చాలామంది అంతకుముందు ఇళ్ళలో పనిమనుషులుగానో కూలీలుగానో చేసినవాళ్ళే. ఆ పనులు వాళ్ళకు తెలుసు. వాటిలో కూలి ఎంతో, మేస్త్రీ చేతులు ఎక్కడ పడతాయో కూడా తెలుసు. నీ కథలో ఆమె ఇంతకుముందు ఏం చేసింది? ఎంత వచ్చేది? ఎందుకు మానేసింది? రేపు ఇది మానేస్తే ఏ పని దొరుకుతుంది, ఆ పనితో మొదట ఏ కుప్ప మాయమవుతుంది? ఇవి రాస్తే ఇష్టమా, బలవంతమా అన్నది పాఠకుడే చూసుకుంటాడు. నేను నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నది ఇదొక్కటే. మనిషి బతుకు తెరువు గురించి రాసేటప్పుడు జమాఖర్చు రాయి. చట్టాన్ని కూడా అందులో ఒక పద్దుగా రాయి, ఆమె దాన్ని నెలనెలా చెల్లిస్తోంది కాబట్టి.

ఒక హద్దు మాత్రం దాటకు. పద్దెనిమిది నిండని పిల్లను, మోసంతో, కొట్టి, అమ్మి తెచ్చిన మనిషిని ఈ లెక్కలో కలపవద్దు. అక్కడ పద్దు ఆమెది కాదు, అమ్మినవాడిది. అది వేరే కథ. దాన్ని రాయదలిస్తే అమ్మినవాణ్ణి, కొన్నవాణ్ణి, కళ్ళు మూసుకున్న అధికారిని రాయి. రెండింటినీ కలిపేసి రాసినవాళ్ళ వల్ల రెండు రకాల మనుషులకూ అన్యాయం జరిగింది.

ఒక సంఘం కార్యాలయంలో కొన్నాళ్ళు ఉత్తరాలు రాసిపెట్టే పని చేశాను. అక్కడికి ఒకావిడ వచ్చేది, చదువు రాదు. గీతల నోటు పుస్తకంలో తన లెక్క తనే రాసుకునేది. ఇంటివాటాకు సున్నా, పోలీసుకు అడ్డగీత, వడ్డీకి ఇంటూ గుర్తు, కూతురికి పంపిన డబ్బుకు పువ్వు బొమ్మ. ఒక పేజీలో వారం పైగా ఒక్క సున్నా లేదు. దాడులు జరిగిన రోజులవి, ఇల్లు మూసేశారు. ఇంటూలు మాత్రం రోజుకొకటి చొప్పున వరసగా ఉన్నాయి. ఆ పేజీ చివర ఒక పువ్వు గీసి కొట్టేసి ఉంది. ఆవిడ ఆ పుస్తకం చూపిస్తూ ఏడవలేదు. వడ్డీ వ్యాపారి రెండు ఇంటూలు ఎక్కువ కలిపాడని, ఆ సంగతి గట్టిగా అడుగుతూ ఒక ఉత్తరం రాయమని వచ్చింది. రాశాను.

ఆవిడను మనసులో పెట్టుకుని నేను రాసిన కథను ఒక వారపత్రికకు పంపాను. చివర్లో ఆమె అప్పు తీర్చి రసీదు తీసుకుని ఇంటికి వెళుతుంది. సంపాదకుడు ఎర్ర సిరాతో "ఈమె పశ్చాత్తాపపడాలి, లేదా చనిపోవాలి, పాఠకులు ఒప్పుకోరు" అని రాసి తిప్పి పంపాడు. ఆయన పత్రిక ముఖచిత్రం మీద ప్రతి వారం ఎలాంటి ఆడబొమ్మలు ఉండేవో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. మార్చనన్నాను. కథ ఏళ్ళ తరబడి ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. చివరకు నలుగురు లెక్చరర్లు చందాలేసుకుని నడిపే ఒక చిన్న పత్రిక అచ్చు వేసింది. ఒక్క పాఠకుడు కూడా ఆమె ఎందుకు చనిపోలేదని అడుగుతూ రాయలేదు. ఇప్పటికీ కథల పోటీల వాళ్ళు "సందేశం ఉండాలి" అని నియమం పెడుతున్నారు. వాళ్ళకు కావలసింది ఆ శవమే. నువ్వు ఏ పోటీని దృష్టిలో పెట్టుకుని ఆమెను చంపావో నాకు తెలియదు గానీ, చంపింది మాత్రం పోటీ కోసమే.

దీనికి విరుగుడుగా ఈ మధ్య ఇంకో ఫ్యాషన్ వచ్చింది. ఆమె స్వేచ్ఛాజీవి, ఎవరినీ లెక్కచేయదు, పని ఆమెకు వేడుక. ఆ కథల్లో అద్దె ఉండదు, వడ్డీ ఉండదు, పోలీసు ఉండడు, జ్వరం వచ్చిన రోజు కూడా ఉండదు. ఏడ్చే బొమ్మ పోయి నవ్వే బొమ్మ వచ్చింది. దాని వైపు కూడా వెళ్ళకు.

తిరగరాసేటప్పుడు నాలుగో పేజీనే మొదటి పేజీ చెయ్యి. కోర్టు గదిని తీసెయ్యి. ఏడుపులన్నీ కొట్టెయ్యి, ఒక్కటి ఉంచుకోవాలనిపిస్తే అది ఆమె ఒంటరిగా ఉన్నప్పటిది కాకూడదు. ఆమె పక్క గదిలో ఒక స్నేహితురాలిని పెట్టు, ఆ స్నేహితురాలు అక్కడ ఉండటం వల్లే కేసు పెద్దదవుతుందని తెలిసీ ఉంటుంది. కొడుక్కి ఫీజు రసీదు మీద ఎవరి సంతకం ఉండాలో ఇద్దరూ కలిసి ఆలోచించే సన్నివేశం రాయి. స్థానిక న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి, దాడి జరిగిన రోజు నుంచి విడుదలయ్యేదాకా ఏ కాగితం ఎవరి చేతికి వెళుతుందో అడిగి రాసుకో. సలహాకు అక్కడ డబ్బు తీసుకోరు.

మారుపేరుతో వేయించుకోవాలా అని అడిగావు. వద్దు. మీ నాన్నగారు చదువుతారన్న భయం కొద్దిరోజుల్లో పోతుంది. తిరగరాసిన కథ పంపు, కాగితానికి ఒకవైపే రాయి, పక్కన నాకు రాసుకోవడానికి చోటు వదులు. వచ్చే నెలాఖరుకల్లా అందితే వెంటనే చదువుతాను.

శుభాకాంక్షలతో.