యోగమా, యోగానా? వంగాలా, వంచాలా?

సందేహం: మా కాలనీలో కొత్తగా యోగా మొదలుపెట్టేవారికి పంచడానికి కరపత్రం రాశాను. "యోగా పరగడుపున చేయాలి. నడుము వంచి చేతులు నేలకు ఆనించాలి. ఊపిరి బిగబట్టాలి. నొప్పి వస్తే ఆపేయాలి" అన్నవి అందులో ముఖ్యమైన వాక్యాలు. తరగతులు పొద్దున, సాయంత్రం కూడా ఉన్నాయి. 'యోగా' తప్పని ఒకరు, 'శవాసనం' అశుభమని ఇంకొకరు అంటున్నారు. గురువుగారూ, భాష సరిచూడగలరు.
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మిమ్మల్ని అడ్డగించినవారు అడిగిన మాటల కంటే, ఎవరూ అడగని మాటల్లోనే చిక్కు ఎక్కువగా ఉంది.

ముందు 'యోగా' సంగతి. సంస్కృతంలో 'యోగః', తెలుగులో 'యోగం'. సంస్కృతంలో దీర్ఘంతో ముగిసే లతా, రమా వంటి మాటలు కూడా మన దగ్గరికి వచ్చి లత, రమ అయ్యాయి. 'యోగ'కు తోక పెరగడం మాత్రం ఇంగ్లీషు ఉచ్చారణ చలవే. అయినా నేను దాన్ని కొట్టేయను. "వాడికి ఆ యోగం లేదు" అంటే అదృష్టం లేదని మనకు అర్థం. పంచాంగంలో ఇరవయ్యేడు యోగాలు వేరే ఉన్నాయి. "రోజూ యోగం చేస్తున్నాను" అంటే వినేవాళ్లు తికమకపడతారు. కాబట్టి విడిగా 'యోగా' అనండి. సమాసంలో మాత్రం 'యోగశాస్త్రం', 'యోగ దినోత్సవం' అని రాయండి. 'యోగాసనం', 'యోగాభ్యాసం' మాటల్లోని దీర్ఘం సవర్ణదీర్ఘ సంధి వల్ల వచ్చింది. 2025లో విశాఖ తీరాన జరిగిన యోగ దినోత్సవంతో ఊరూరా వినిపించిన 'యోగాంధ్ర' కూడా అలా కుదిరిన మాటే.

'పరగడుపు' చక్కటి మాట, కానీ అది పొద్దుటిది. లేచి ఏమీ తినకముందు ఉన్న స్థితి. సాయంత్రం తరగతికి వచ్చేవారు పొద్దుటి నుంచీ పస్తుండాలా? "భోజనమైన మూడు నాలుగు గంటల తర్వాత" అని నేరుగా రాసేయండి.

ఇక 'వంచి'. వంగు, వంచు ఒక్కటి కావు. వంగడం ఒళ్లు తానుగా చేసేది, వంచడం మనం దానిచేత చేయించేది. ఆగు–ఆపు, సాగు–సాగదీయు ఇలాంటి జంటలే. పైగా "నడుం వంచి పనిచెయ్" అని ఇళ్లలో కేకలు వేసేది సోమరులను కదిలించడానికి. కరపత్రంలో ఆ మాట చూసి కొత్తవాళ్లు మొదటి రోజే నేలను అందుకోవాలని చూస్తారు, రెండో రోజు మంచం దిగరు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణం 'స్థిరసుఖమాసనం', అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం. ఆ వెంటనే వచ్చే సూత్రంలో 'ప్రయత్నశైథిల్యం' అన్నాడు, అంటే బలవంతాన్ని సడలించడం. తెలుగులో ఆ భావం 'వంగు'లోనే ఉంది. "తుంటి దగ్గర నుంచి నెమ్మదిగా ముందుకు వంగండి. మోకాళ్లు కాస్త మడిచినా ఫరవాలేదు. చేతులు ఎంతవరకు అందితే అంతవరకే" అని రాయండి.

'బిగబట్టడం' నాకు అసలు నచ్చలేదు. అందులో బిగింపు ఉంది. భయంతోనో బరువెత్తేటప్పుడో చేసే పని అది. శాస్త్రంలో ఊపిరి తీసుకోవడం పూరకం, నిలపడం కుంభకం, వదలడం రేచకం. తొలినాళ్లలో కుంభకం జోలికి వెళ్లనక్కర్లేదు. బీపీ, గుండెజబ్బు ఉన్నవారికీ గర్భిణులకూ అది తగదు కూడా. "ఊపిరి ఆపకుండా, సాఫీగా తీసి వదలండి" అంటే చాలు. బీపీ, గుండెజబ్బు, నీటికాసులు (గ్లకోమా), వెన్ను సమస్యలున్నవారు ముందుగా డాక్టరును అడగాలన్న వాక్యం కరపత్రంలో లేదు. అది భాషాదోషం కాకపోయినా చేర్చండి.

అన్నిటికంటే పలచని మాట 'నొప్పి'. తెలుగువాడి ఒంటికి ఎన్ని మాటలున్నాయో చూడండి: లాగుతుంది, గుంజుతుంది, పీకుతుంది, సలుపుతుంది, పట్టేస్తుంది, పోటు పెడుతుంది, తిమ్మిరెక్కుతుంది. కొత్తగా చేసేవారికి తొడ వెనక కండ లాగినట్టు ఉండడం సహజం. దాన్నే నొప్పనుకుని మానేసేవాళ్లున్నారు. మోకాట్లోనో వెన్నులోనో పోటు పెడుతున్నా "నొప్పేగా, పోతుందిలే" అని పంతం పట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే మాట చెబితే ఎలా? "కండ కొద్దిగా లాగితే ఫరవాలేదు. పోటు వచ్చినా, తిమ్మిరెక్కినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపండి" అనండి. మీ వైపు వినిపించే మాట వేరే ఉంటే అదే వాడండి.

శవాసనం పేరు మార్చనక్కర్లేదు. హఠయోగప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో ఉన్న పేరే అది. వెల్లకిలా, శవంలా కదలకుండా పడుకోవడం అని అక్కడే వివరం ఉంది. పెద్దవాళ్లు మరీ నొచ్చుకుంటే నోటితో 'విశ్రాంతి' అనండి. ఇంగ్లీషు అక్షరాలు చూసి కొందరు రాస్తున్నట్టు 'సవాసనం' అని మాత్రం అచ్చు వేయించకండి. 'సవాసన' అంటే వాసనతో కూడినది, చెమట పట్టాక అది వేరే ఇబ్బంది.