హగరి ఒడ్డున అభయారణ్యం పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అనంతపురం జిల్లా కణేకల్లు వైపు హగరి ఏటి ఒడ్డున మీ ఊరి కుర్రాళ్లంతా కలిసి జింకలకూ పక్షులకూ ఒక అభయారణ్యం పెట్టాలనుకుంటున్నారు, ఏ చెట్లు నాటాలి, అర్జీ ఎవరికి పెట్టాలి అని అడిగారు. మాది పెన్న ఒడ్డు, తాడిపత్రి వైపు. మా ఏట్లో కొంత మేర ఇలాగే కాపాడుకుంటున్నాం కాబట్టి చెబుతున్నా. చెట్ల సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టి, ముందు ఇసుక చూడండి.

మన ఏర్లలో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లు కనబడవు. పైన ఎండినా కింద ఇసుకలో ఊట ఉంటుంది. పగలు గొర్రెల కాపరులు తోడిన చెలమలోనే రాత్రి నక్కలు తాగుతాయి, తెల్లారేసరికి జింకలు వస్తాయి. నమ్మకం లేకపోతే పొద్దున్నే పోయి చెలమ చుట్టూ అడుగులు చూడండి. అడుగున బంకమన్ను తేలేదాకా ఇసుక ఎత్తేస్తే వచ్చిన వరద వచ్చినట్టే జారిపోతుంది, చెలమ పడదు. అప్పుడు మీరు ఎన్ని సిమెంటు తొట్లు కట్టినా ట్యాంకరు తోలలేక చస్తారు.

ఇసుకకూ బోర్లకూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. కానీ మా దగ్గర రాత్రిపూట ట్రాక్టర్లు ఆగింది చట్టం చూసి కాదు. ఏటిగడ్డన బోర్లున్న రైతులు, నీళ్లు తగ్గుతున్నాయని అర్థమయ్యాక దారికి అడ్డం కూర్చున్నారు, అప్పుడు ఆగాయి. మీరూ ముందు వాళ్లతోనే మాట్లాడండి. పక్షుల మాట తర్వాత ఎత్తినా పర్లేదు.

ఇక చెట్లు. మాకూ చాలామంది మొక్కలు నాటండి, వనం చేయండి అనే చెప్పారు. వద్దన్నది ఒక కాపరి పెద్దాయన. "చెట్లు పెడితే కాకులు చేర్తాయప్పా, ఇంక ఈ గుడ్లు మిగుల్తాయా?" అన్నాడు. ఆయన అన్నది తీతువు పిట్ట గుడ్ల గురించి. ఎండాకాలం ఏట్లో నడుస్తుంటే ఆ పిట్ట నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుస్తుంది. అప్పుడు కాలికింద చూసుకోవాలి. గూడంటూ ఉండదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద నల్ల మచ్చలు. వంగి చూసినా రాళ్లే అనుకుంటాం. ఎండ ముదిరితే చెలమకు పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లమీద కూర్చుంటుంది. ఇలాంటి పిట్టలకు కావలసింది బయలు నేల, దగ్గర్లో కాసిన్ని నీళ్లు.

కలివికోడి సంగతీ అంతే. 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్న పక్షి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది, అదీ స్థానిక వేటగాడి చేతికి. ఆ పక్షికి ముళ్లపొదలు కావాలి, పొదకూ పొదకూ మధ్య ఖాళీ కూడా కావాలి. అందుకని నాటడం కంటే పీకడం మీద ఎక్కువ దృష్టి పెట్టండి. ఏట్లో అల్లుకున్న సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయాలి, నరికి వదిలేస్తే రెండింతలు లేస్తుంది. మీ దగ్గర ఒక్క మినహాయింపు ఉంది. గాలికాలంలో హగరి ఇసుక లేచి చేలమీద దిబ్బలు పోస్తుంది కదా, అక్కడ చేను గట్టున వరుస చెట్లు ఉండాల్సిందే. ఏటి గర్భంలో మాత్రం వద్దు.

అర్జీ విషయానికొస్తే, అభయారణ్యం అనే మాట ఊళ్లో ఎత్తకండి, భూములు పోతాయని భయపడతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2002 సవరణతో రెండు వేరే దార్లు వచ్చాయి. ఏటి పోరంబోకు ప్రభుత్వానిది కాబట్టి దానికి 36ఏ సెక్షన్ కింద కన్జర్వేషన్ రిజర్వు అడగొచ్చు. ఒడ్డున పట్టా భూమి, ఊరుమ్మడి భూమి ఉన్నవాళ్లు తమంతట తాము ముందుకొస్తే 36సీ కింద కమ్యూనిటీ రిజర్వు. రెండోదాంట్లో పట్టా రైతు పేరునే ఉంటుంది, పట్టా భూమైతే కమిటీలో ఆ రైతు, అటవీ శాఖ మనిషి, పంచాయతీ మనిషి ఉంటారు. కానీ ఒకసారి నోటిఫై అయ్యాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి వాడకం మార్చకూడదు. ఈ మాట గ్రామసభలో ముందే విప్పి చెప్పండి. సర్వే నంబర్లు తహసీల్దారు ఆఫీసులో తీసుకుని, సభ తీర్మానం జతచేసి అటవీ శాఖ డివిజన్ ఆఫీసులో ఇవ్వండి. ఆలస్యం అవుతుంది, టెన్షన్ పడొద్దు. చిలమత్తూరు దగ్గరి వీరాపురం ఊళ్లో ఏ గెజిటూ చూసుకోకుండానే ఎర్రకాళ్ల కొంగలను పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటున్నారు.

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు కూడా ఒకసారి చూసి రండి. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కంచె లోపల జింకలు పెరిగి చుట్టూ చేలల్లో పడ్డాయి. బయట బీళ్లకు నీళ్లొచ్చి పంటలు మారాయి. బట్టమేక మాత్రం కనుమరుగైంది. ఉరవకొండ, వజ్రకరూరు వైపు రైతులను అడిగినా జింకల గురించి నాలుగు తిట్లు తిడతారు, అందులో న్యాయం ఉంది. పంట నష్టానికి ఎవరు దరఖాస్తు రాయాలి, ఎవరు ఆఫీసు చుట్టూ తిరగాలి అన్నది మీ కుర్రాళ్లలో ఇద్దరికి ఇప్పుడే అప్పజెప్పండి. మేపు ఆపమని మాత్రం అనొద్దు. గుడ్లు పెట్టే రెండు మూడు నెలలు ఏ ఇసుకమేటల మీదికి మంద తోలకూడదో కాపరులే చెబుతారు.

ఇంకోటి, కుక్కలు. చికెన్ కొట్ల వ్యర్థాలు ఏట్లో పారబోస్తే అక్కడే గుంపు కడతాయి, గుడ్లూ జింకపిల్లలూ వాటి నోట్లోకే. ఆ పారబోత ఆపమని అదే గ్రామసభలో ఇంకో తీర్మానం రాయించండి. దానికి అటవీ శాఖ దాకా పోనక్కర్లేదు, వచ్చే వారమే చేయొచ్చు.