లోపలి మూత తీయని సూది

ప్రశ్న: మా నాన్నకు 71 ఏళ్లు. ఇన్సులిన్ పెన్ను ఎలా వాడాలో నర్సు చూపిస్తే అంతా అర్థమైందన్నారు. నెలైనా షుగర్ తగ్గలేదు. మొన్న చూస్తే, సూది లోపలి మూత తీయకుండానే పెన్ను నొక్కుతున్నారు! ఆయన సిగ్గుతో కుంగిపోతున్నారు. పరీక్షించి అమ్మే పరికరంలో ఇలా ఎలా జరుగుతుంది?

జవాబు: ముందు ఇవాళే డాక్టరుకు ఈ విషయం చెప్పండి. షుగర్ తగ్గలేదని ఈ నెలలో డోసు పెంచి ఉంటే, ఇప్పుడు మందు పూర్తిగా ఒంట్లోకి వెళ్లి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. నాకు టెన్షన్‌గా ఉన్నది అదే.

మీ నాన్నగారు సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ పొరపాటు చాలామంది చేశారు. కొన్ని రకాల సూదులకు తీయాల్సిన లోపలి మూత ఉండదు, పొడిచేటప్పుడు కవచమే వెనక్కి జరుగుతుంది. ఆస్పత్రిలో వాటితో నేర్చుకున్నవాళ్లు ఇంటికొచ్చాక మామూలు సూది లోపలి మూతను కూడా అలాంటి కవచమే అనుకుంటారు.

ఇలాంటి పరికరాలను జనం చేత వాడించి చూడటమే నా ఉద్యోగం. మొదట్లో నేనూ ‘సులువుగా ఉందా?’ అని అడిగేదాన్ని. ఒక పెద్దావిడ ‘చాలా సులువమ్మా’ అంటూనే, బటన్ నొక్కీ నొక్కగానే, చర్మానికి బదులుగా పెట్టిన స్పాంజిలోంచి సూది లాగేశారు. మందు బల్ల మీద కారింది. అప్పటినుంచి జవాబులు వింటాను గానీ, చూసేది మాత్రం చేతుల్నే.

మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2016 మార్గదర్శకాల్లో, చివరి పరీక్షకు ఒక్కో రకం వాడకందారుల నుంచి కనీసం 15 మంది ఉండాలని ఉంది. ఆ 15 మంది ఎవరన్నది నాకు ముఖ్యం. షుగర్ జబ్బే చూపునూ వేళ్ల స్పర్శనూ తగ్గిస్తుంది. అలాంటివాళ్లను పిలవకపోతే ఆ పరీక్ష ఎవరి కోసం? నేర్పిన వెంటనే చేయిస్తే ఎవరైనా చేసేస్తారు. మధ్యలో కొంత వ్యవధి ఇచ్చి చేయించాలి.

ఇంట్లోనూ అంతే. రేపు నాన్నగారు చేస్తుంటే మీరు పక్కన ఊరికే కూర్చోండి, అందించకండి. కొత్త సూది పెట్టి, పొడుచుకునే ముందు 2 యూనిట్లు గాల్లోకి వదలమనండి. సూది కొన మీద చుక్క కనిపించాలి. మూత ఉండిపోతే అక్కడే దొరికిపోతుంది. నొక్కాక పది లెక్కపెట్టి తీయమనండి.

తయారీ కంపెనీకి కూడా రాయండి. ‘మా పొరపాటే కదా’ అని ఊరుకోవద్దు. మీలాంటివాళ్లు రాస్తేనే ఆ మూత రంగో ఆకారమో మార్చమని మేం గట్టిగా అడగగలం.