వీసా ఫీజు మీ అమ్మాయి లాగిన్ నుంచి, మీ కార్డుతోనే కట్టండి

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో ఎం.ఎస్., బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ రెండింటికీ అడ్మిషన్ వచ్చింది. ఐ-20 (అమెరికా యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చేతికొచ్చింది, బ్రిటన్ నుంచి క్యాస్ (అక్కడి యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువీకరణ) రావాల్సి ఉంది. మనసు అమెరికా మీదే ఉంది కానీ వీసా వస్తుందో రాదోనని టెన్షన్. కన్సల్టెన్సీ వాళ్లు రెండు దేశాల ప్రభుత్వ ఫీజులన్నీ కలిపి ఒకే మొత్తం చెప్పి, ‘మా ఖాతాలో వేయండి, అన్నీ మేమే కట్టేస్తాం’ అంటున్నారు. విడివిడి లెక్క అడిగితే సరిగ్గా చెప్పడం లేదు. ఫీజులు ఎవరికి, ఎప్పుడు, ఎలా కట్టాలి? వీసా రాకపోతే డబ్బు వెనక్కి వస్తుందా? రెండు దేశాలకూ ఒకేసారి కట్టేయమంటారా?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఆ మొత్తం కన్సల్టెన్సీ ఖాతాలో వేయకండి. ఫారాలు నింపడంలో వాళ్ల సాయం తీసుకోండి, దానికి వాళ్ల సర్వీసు ఫీజు ఇవ్వండి. ప్రభుత్వానికి వెళ్లే ప్రతి పైసా మాత్రం మీ అమ్మాయి ఈమెయిల్‌తో తెరిచిన లాగిన్‌లోంచి, మీ ఇంట్లోవాళ్ల కార్డుతో వెళ్లాలి. వాళ్లు మోసం చేస్తారని నేననడం లేదు. ఈ ఫీజుల్లో కొన్ని వెనక్కి వస్తాయి, కొన్ని మరో దరఖాస్తుకు పనికొస్తాయి, కొన్ని పోయినట్టే. ఏది ఏదో తెలియకుండా అన్నీ ఒకే మూటలో కట్టి ఇచ్చేస్తే, రేపు వెనక్కి రావాల్సింది ఎంతో అడగడానికి మీ దగ్గర లెక్క ఉండదు.

అమెరికా నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే మీకు ముందు కట్టాల్సింది అదే. ఎఫ్-1 వీసాకు, అంటే అమెరికా స్టూడెంట్ వీసాకు, రెండు వేర్వేరు ఫీజులున్నాయి, ఇద్దరు వేర్వేరు యజమానులకు వెళ్తాయి. మొదటిది సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే ప్రభుత్వ రికార్డు) ఫీజు, 350 డాలర్లు. ఇది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు చెందుతుంది. రెండోది వీసా దరఖాస్తు ఫీజు, 185 డాలర్లు. ఇది విదేశాంగ శాఖది, 2023 జూన్ నుంచి ఈ రేటు నడుస్తోంది. కలిపితే 535 డాలర్లు. ఒకటి కట్టి రెండోది కూడా అందులోనే అయిపోయిందనుకునే వాళ్లు చాలామంది ఉంటారు. సెవిస్ ఫీజు కనీసం మూడు పనిదినాల ముందు కట్టి ఉంటేనే ఇంటర్వ్యూ నాటికి రికార్డులో కనిపిస్తుంది.

సెవిస్ ఫీజు కట్టే సైటు పేరు ఎఫ్‌ఎంజెఫీ డాట్ కామ్ (fmjfee.com). ప్రభుత్వ సైటు చివర ‘గవ్’ ఉండాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. అది మంచి అలవాటే, కానీ ఇక్కడ మాత్రం అసలైన సైటే డాట్ కామ్‌తో ఉంటుంది. అందుకే సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలు నొక్కకుండా, ప్రభుత్వ పేజీలోని లింకు పట్టుకుని వెళ్లండి. అక్కడ ఐ-20 మీదున్న సెవిస్ నంబరు అడుగుతుంది. ‘ఎన్’ అక్షరంతో మొదలై తర్వాత పది అంకెలుంటాయి. ఇంటిపేరు, పుట్టిన తేదీ ఐ-20లో ఎలా ఉంటే అలాగే కొట్టాలి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఐ-20లో ఇంకో రకంగా పడితే ఇక్కడే చిక్కు వస్తుంది. తేడా కనిపిస్తే ఫీజు కట్టకముందే యూనివర్సిటీకి మెయిల్ రాసి సరిచేయించుకోండి. కట్టాక వచ్చే రసీదును మూడు చోట్ల దాచండి: అమ్మాయి మెయిల్‌లో, మీ ఫోన్‌లో, ఫైల్లో కాగితంగా.

ఇప్పుడు మీ అసలు భయం. వీసా తిరస్కరిస్తే 185 డాలర్లు వెనక్కి రావు, ఇంకొకరి పేరు మీదకూ మారవు. ఆ ఫీజు అధికారి దరఖాస్తును చూసినందుకు, వీసా ఇచ్చినందుకు కాదు. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ 185 కట్టాలి. సెవిస్ ఫీజు కథ వేరు. తిరస్కరించిన 12 నెలల్లోగా అదే ఎఫ్-1 వీసాకు మళ్లీ దరఖాస్తు చేస్తే 350 రెండోసారి అక్కర్లేదు. వీసా రాకముందే యూనివర్సిటీ మారి కొత్త ఐ-20 వచ్చినా, కట్టిన ఫీజును కొత్త సెవిస్ నంబరుకు మార్పించుకోవచ్చు. ఈ సంగతి తెలియక రెండోసారి 350 కట్టేవాళ్లుంటారు. రెండో ప్రయత్నానికి కన్సల్టెన్సీ మళ్లీ ‘మొత్తం ప్యాకేజీ’ అంటే, ఈ పేరా వాళ్లకు చూపించండి.

ఇంకొకటి. 2025 జూలైలో అమెరికా చేసిన చట్టంలో వీసా ఇంటిగ్రిటీ ఫీజు పేరుతో 250 డాలర్లు పెట్టారు. వీసా మంజూరైన వాళ్ల దగ్గర తీసుకునేది అది. కాబట్టి దాన్ని ముందే వసూలు చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కట్టాల్సి వస్తే అధికారిక వీసా పేజీలోనే ఉంటుంది, అప్పుడు చూసుకోవచ్చు.

బ్రిటన్‌లో లెక్క తలకిందులు. అక్కడ వీసా ఫీజు చిన్నది, దాని పక్కనున్నది పెద్దది. దేశం బయటి నుంచి చేసే స్టూడెంట్ వీసా దరఖాస్తుకు 2025 ఏప్రిల్‌లో పెట్టిన రేటు 524 పౌండ్లు. తర్వాత పెరిగి ఉండొచ్చు, ఇక్కడి లెక్కలన్నీ ఆ రేటుతో వేసినవే. దానితోపాటు ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవకు ముందే కట్టే సొమ్ము) కట్టాలి, విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. ఇది కోర్సు కాలానికి కాదు, వీసా కాలానికి. ఏడాది మాస్టర్స్ అంటే కోర్సుకు ముందు ఒక నెల, తర్వాత నాలుగు నెలలు కలిపి వీసా సుమారు 17 నెలలు ఇస్తారు. మొదటి ఏడాదికి 776, మిగిలిన అయిదు నెలలు ఆరు నెలల లోపే కాబట్టి సగం 388, మొత్తం 1,164 పౌండ్లు. మిగిలింది ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది రేటు పడుతుంది. అంటే కోర్సు తేదీలు కాస్త పొడవుగా ఉన్నా 388 పౌండ్లు పెరుగుతుంది. క్యాస్ రాగానే మొదలు, ముగింపు తేదీలు చూసి ఈ లెక్క మీరే వేసుకోండి.

మీ ప్రశ్నకు నా జవాబంతా ఇక్కడే ఉంది. వీసా రాకపోతే 524 పోతుంది. 1,164 మాత్రం వెనక్కి వస్తుంది. ఎక్కడికి? ఏ కార్డుతో కట్టారో ఆ కార్డుకే. మీరు కన్సల్టెన్సీకి డబ్బిచ్చి, వాళ్లు వాళ్ల కార్డుతో కడితే, ఆ పౌండ్లు వాళ్ల ఖాతాకు వెళ్తాయి. వెనక్కి వచ్చిన సంగతి మీకు తెలియకపోవచ్చు కూడా. అందుకే కార్డు మీదే ఉండాలని అంత గట్టిగా చెబుతున్నాను. కట్టాక ఆ కార్డును వీసా వ్యవహారం ముగిసేదాకా క్లోజ్ చేయకండి.

కన్సల్టెన్సీ చెప్పిన మొత్తంలో ప్రాధాన్య సేవ కూడా కలిసి ఉందేమో అడగండి. బ్రిటన్ వీసాకు తొందరగా నిర్ణయం చెప్పే ఈ సేవకు 500 పౌండ్లు. అది మీ ఇష్టం మీద తీసుకునేది, తప్పనిసరి కాదు. కోర్సు మొదలవడానికి టైముంటే మూడు వారాల మామూలు దారి చాలు. వీసా కేంద్రంలో ఎస్ఎంఎస్, కొరియర్, లాంజ్ లాంటి వాటికి తీసుకునేవీ ప్రభుత్వ ఫీజులు కావు.

ఇక పొదుపు డబ్బు ఏ ఖాతాలో ఉందన్నది. దీని గురించి మీరు అడగలేదు కానీ ఫీజు కన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. బ్రిటన్‌కు చూపించాల్సిన సొమ్ము (మిగిలిన ట్యూషన్ ఫీజు, గరిష్ఠంగా తొమ్మిది నెలల జీవన ఖర్చు) వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఆ 28 రోజుల్లో ఒక్కరోజు బ్యాలెన్స్ కావాల్సిన అంకె కిందికి దిగినా ఆ లెక్క చెల్లదు, మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి. సరిగ్గా ఆ సమయంలోనే అమెరికా సెవిస్ ఫీజు 350 డాలర్లు అదే ఖాతాలోంచి డెబిట్ కార్డుతో కట్టారనుకోండి, బ్యాలెన్స్ కాస్త తగ్గుతుంది. కష్టపడి కూడబెట్టిన సొమ్ము ఉండి కూడా వీసా పోతుంది. చూపించే డబ్బున్న ఖాతాను తాకకండి. ఫీజులకు వేరే ఖాతా, లేదా క్రెడిట్ కార్డు వాడండి. తల్లిదండ్రుల ఖాతా చూపిస్తే అమ్మాయి జనన ధ్రువీకరణ పత్రం, మీ సమ్మతి లేఖ కూడా సిద్ధం చేయండి.

క్రెడిట్ కార్డు అన్నాను కాబట్టి, బిల్లు గడువులోగా పూర్తిగా కట్టేయగలిగితేనే వాడండి. వడ్డీ పడితే ఆ ఫీజు మీకు ఇంకా భారమవుతుంది. కట్టబోయే ముందు కార్డు మీద విదేశీ లావాదేవీలు ఆన్ చేయించండి, రోజువారీ పరిమితి పెంచండి, విదేశీ మారకం మీద బ్యాంకు ఎంత శాతం తీసుకుంటుందో అడగండి. ఇంట్లో రెండు కార్డులుంటే తక్కువ శాతం ఉన్నదాన్ని ఎంచుకోండి. పేజీలో ‘పంపుతోంది’ అని చక్రం తిరుగుతూ ఆగిపోతే మళ్లీ నొక్కకండి. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు మెసేజ్ చూడండి. రెండుసార్లు కట్ అయితే ఆ వీసా కార్యాలయానికి రాసి రెండోది వెనక్కి అడగండి. బ్యాంకుకు ఫిర్యాదు పెట్టి ఫీజును బలవంతంగా వెనక్కి లాగాలని మాత్రం చూడకండి. అలా వెనక్కి వెళ్తే ఫీజు కట్టనట్టే అయి దరఖాస్తు చిక్కులో పడుతుంది.

రెండు దేశాలకూ ఒకేసారి కట్టాలా? వద్దు. అమెరికా 535 డాలర్లు ఇప్పుడే కట్టి ఇంటర్వ్యూ తేదీ పట్టండి. అపాయింట్‌మెంట్ దొరకడమే అక్కడ కష్టం. వీసా ఫీజు రసీదు ఏడాది పాటు పనికొస్తుంది, 365 రోజుల్లోగా ఇంటర్వ్యూ షెడ్యూల్ చేసుకోవాలి. బ్రిటన్ దరఖాస్తు కోర్సు మొదలవడానికి ఆరు నెలల ముందు నుంచి చేయొచ్చు కాబట్టి అక్కడ సాధారణంగా కాస్త ఊపిరి తీసుకునే సమయం ఉంటుంది. పైగా పాస్‌పోర్ట్ ఒకటే. ఒక దేశం దగ్గర అది ఆగిపోయి ఉంటే, రెండో దేశం అడిగినప్పుడు ఇవ్వలేరు. అమెరికా ఇంటర్వ్యూ తేలాక, కాదన్నారంటేనే బ్రిటన్ 1,688 పౌండ్లు (524, 1,164 కలిపి) తీయండి. ఒక్క షరతు: అమెరికా తేదీ బ్రిటన్ కోర్సు మొదలయ్యే నెల దగ్గరకు జరిగిపోతే ఇలా ఆగకండి. అప్పుడు 524 పౌండ్లు పోయినా పర్లేదనుకుని ముందే దరఖాస్తు చేయండి. చదువు ఏడాది పోవడం కన్నా అది తక్కువ నష్టం.

అంకెలన్నీ కట్టే రోజున ఆ దేశపు అధికారిక పేజీలో మరోసారి చూడండి. ప్రభుత్వాలు చెప్పిన తేదీన ఒక్కసారిగా పెంచేస్తాయి. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా 2024 జూలై 1న 710 నుంచి 1,600 ఆస్ట్రేలియన్ డాలర్లయింది, మరో ఏడాదికి 2,000 అయింది. జూన్ చివర్లో కాగితాలు సిద్ధంగా ఉండి కూడా వారం ఆగిన వాళ్లు ఆ తేడా జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చింది.

కన్సల్టెన్సీకి రేపే ఒక మెయిల్ పెట్టండి: మీ సర్వీసు ఫీజు ఎంత, ప్రభుత్వ ఫీజులు ఒక్కొక్కటి ఎంత, దరఖాస్తు లాగిన్‌లో ఎవరి ఈమెయిల్ ఉంది. జవాబు రాతలో రాకపోతే లాగిన్‌లు మీరే కొత్తగా తెరవండి. బడ్జెట్‌లో 535 డాలర్లు, 1,688 పౌండ్లతో పాటు అమెరికాకు రెండోసారి ప్రయత్నించాల్సి వస్తే కావాల్సిన 185 డాలర్లు కూడా వేరుగా ఉంచండి. ఎడ్యుకేషన్ లోన్ వస్తుంది కదా అని దీన్ని వదిలేయొద్దు, లోన్ సొమ్ము చాలావరకు నేరుగా యూనివర్సిటీకి వెళ్తుంది, వీసా ఫీజులు దానికి ముందే కట్టాల్సి వస్తాయి.